పాత కంప్యూటర్‌లో ఎల్‌ఎక్స్‌సీ: ఎవరైనా వాడి చూశారా?

కర్నూలు_కుర్రోడు
అన్నలూ, నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్, డెబియన్ వేశాను. కేవీఎంలో రెండు వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే సిస్టమ్ లోపల నడిచే వేరే సిస్టమ్‌లు) లేపేసరికి మౌస్ కూడా కదలడం లేదు. వెబ్ సర్వర్, డేటాబేస్ విడివిడిగా పెట్టి నేర్చుకోవాలి. ఎల్‌ఎక్స్‌సీ (లినక్స్ కంటైనర్లు) సరిపోతుందా? కంటైనర్‌కు నెట్ ఇద్దామని వైఫైని బ్రిడ్జ్‌లో కలిపితే ఐపీ రావడం లేదు. బ్యాకప్ ఎలా తీస్తున్నారు?

అనంత_రూట్
సరిపోవడం ఏంది తమ్ముడూ, అదే 4 జీబీలో నేను ఆరు కంటైనర్లు నడుపుతున్నా, అన్నీ ఆల్పైనే (చాలా చిన్న లినక్స్). ఒక్కో వీఎంకు ఒక్కో కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) లేవాలి, ఇక్కడ అందరికీ హోస్ట్, అంటే అసలు సిస్టమ్, కెర్నెల్ ఒక్కటే. మొదటిసారి స్టార్ట్ కొట్టగానే ప్రాంప్ట్ వచ్చేసింది, అర్ధరాత్రి మా తమ్ముణ్ణి లేపి మరీ చూపించాను.

కడప_సర్వర్
ముందు ఒకటి తెలుసుకోండి, ఇది వర్చువలైజేషనే కాదు. నేమ్‌స్పేస్‌లు (ఎవరికి ఏం కనబడాలో), సీగ్రూప్‌లు (ఎవరికి ఎంత ర్యామ్, సీపీయూ అనేది) కలిపి ప్రాసెస్‌లను విడగొట్టడం, అంతే. ఓపెన్‌వీజెడ్ (ఇంకో పాత కంటైనర్ పద్ధతి) కాలం నుంచి, పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నా.

అనంత_రూట్
ఓఎస్ స్థాయి వర్చువలైజేషన్ అని అందరూ అంటారు కదన్నా. అబ్బాయి అడిగింది పేరు కాదు, నడుస్తుందా అని.

కడప_సర్వర్
పేరు తప్పు నేర్చుకుంటే రేపు లినక్స్ కెర్నెల్ మీదే విండోస్ వేస్తానంటాడు! నీ ఆరూ ప్రివిలేజ్డా, కాదా, అది చెప్పు ముందు. ప్రివిలేజ్డ్ అయితే లోపలి రూటే (అన్ని అధికారాలున్న యూజర్) హోస్ట్‌కూ రూట్. 2014లో 1.0 వచ్చినప్పటి నుంచి అన్‌ప్రివిలేజ్డ్ (లోపలి రూట్ హోస్ట్‌లో మామూలు యూజరే) ఉంది, అయినా వాడనోళ్లు ఉన్నారు. ఒక చోట ఇట్లాగే వదిలేస్తే సర్వర్ మొత్తం నేనే మళ్లీ కట్టాల్సి వచ్చింది, అందుకే నాకు కోపం.

ప్రొద్దుటూరు_పెంగ్విన్
డాకర్ వాడొచ్చు కదా, అదీ కంటైనర్లదే?

అనంత_రూట్
డాకర్ 2013లో వచ్చినప్పుడు దాని కింద నడిచింది ఎల్‌ఎక్స్‌సీనే. కడప అన్నా, నావి ప్రివిలేజ్డే, ఒప్పుకుంటున్నా. ఈ ఆదివారం మారుస్తా.

ఆదోని_లినక్స్
నా బాధ వేరు. మొన్న ఎండల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటే డేటాబేస్ కంటైనర్ పాడైంది. పోనీ బ్యాకప్ ఉందిలే అని టార్ ఫైల్ (ఫైళ్లన్నీ ఒకే మూట) వేరే సిస్టమ్‌లో విప్పితే ఫైళ్ల ఓనర్లు అన్నీ తారుమారు. న్యూమెరిక్ ఓనర్ ఆప్షన్ (ఓనర్‌ను పేరుతో కాక నంబర్‌తో ఉంచేది) పెట్టలేదు నేను, రెండు రోజులు కూర్చున్నా. ఇన్వర్టర్ లేకుండా మాత్రం డేటాబేస్ పెట్టొద్దబ్బా.

ప్రొద్దుటూరు_పెంగ్విన్
ఏ ఇన్వర్టర్ అన్నా? మా ఇంట్లోది గంట కూడా ఆగడం లేదు.

కడప_సర్వర్
ఇన్వర్టర్ సంగతి వేరే చోట మాట్లాడుకోండి. కుర్రోడా, వైఫై రౌటర్‌కు నీ కార్డు మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు చిరునామా) ఒక్కటే తెలుసు, కంటైనర్ మ్యాక్‌తో పోయే ఫ్రేములను అది తీసుకోదు. బ్రిడ్జ్ మానేసి ఎల్‌ఎక్స్‌సీ సొంత నెట్‌వర్క్ వాడు, నాట్‌తో, అంటే హోస్ట్ చిరునామా మీదే బయటకు పోతుంది.

కర్నూలు_కుర్రోడు
వచ్చిందన్నా! 10.0.3తో మొదలయ్యే ఐపీ వచ్చింది, బ్రౌజర్‌లో పేజీ కూడా తెరుచుకుంది, ర్యామ్ సగానికి పైగా ఖాళీగానే ఉంది. అన్‌ప్రివిలేజ్డ్‌గానే చేశాను. ఇప్పుడు డేటాబేస్ పెడుతున్నా. ఆదోని అన్నా, బ్యాకప్ తీసేటప్పుడు కంటైనర్ ఆపాలా?

ఆదోని_లినక్స్
ఆపే తీయి.