టవర్‌లో మాయమైన పిల్లలు: మూడో రిచర్డ్ హంతకుడేనా?

చరిత్రప్రియ:
1483 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ చనిపోయాడు. పెద్దకొడుకు ఐదో ఎడ్వర్డ్‌కి 12 ఏళ్లు, చిన్నవాడికి 9. ఇద్దర్నీ రాజకోటా, చెరసాలా అయిన టవర్ ఆఫ్ లండన్‌లో ఉంచారు. తల్లిదండ్రుల పెళ్లే చెల్లదు కాబట్టి వాళ్లకి హక్కు లేదన్నారు. సంరక్షకుడిగా ఉన్న బాబాయి జులై 6న మూడో రిచర్డ్‌గా పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆ తర్వాత పిల్లల జాడ లేదు. షేక్‌స్పియర్ నాటకం చూసి లోకమంతా ఆయన్ని గూని రాక్షసుడనే అనుకుంది. 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద ఆయన అస్థిపంజరం దొరికింది. వెన్ను పక్కకి వంగిన మాట నిజమే గానీ, నాటకంలో చెప్పిన ఎండిపోయిన చెయ్యి అబద్ధమని తేలింది. మరి హత్య మాటేమిటి?

గోదారొడ్డు:
నన్నడిగితే అదీ కల్పితమే. సాక్షి లేడు, రాసినవాళ్లంతా రిచర్డ్ తర్వాత గద్దెనెక్కిన ట్యూడర్ల నీడన బతికినవాళ్లు. 1485లో బాస్వర్త్ యుద్ధంలో రిచర్డ్‌ని ఓడించి రాజైన ట్యూడర్ వంశపు ఏడో హెన్రీ ఆ పిల్లల అక్కని పెళ్లాడాలి. అందుకని పెళ్లి చెల్లదన్న చట్టాన్ని రద్దు చేయించాడు. దాంతో తమ్ముళ్ల హక్కూ తిరిగొస్తుంది కదా! వాళ్లు బతికుంటే భయం ఎవరికి? పైగా 1484 మార్చిలో వాళ్లమ్మ ఎలిజబెత్ వుడ్‌విల్, వెస్ట్‌మిన్‌స్టర్‌లో తలదాచుకున్న చోటునుంచి కూతుళ్లని రిచర్డ్ దగ్గరికి పంపడానికి ఒప్పుకుంది. కొడుకుల్ని చంపినవాడికి కూతుళ్లని అప్పగించే తల్లి ఉంటుందా?

పాతదస్తావేజు:
గోదారొడ్డు గారూ, "అంతా ట్యూడర్ల నీడన" అన్నది ఒప్పుకోను. ఇటలీవాడు డొమినిక్ మాన్చినీ 1483 జులై దాకా లండన్‌లోనే ఉండి, ఆ ఏడాదే తను చూసిందీ విన్నదీ రాశాడు. అప్పటికి ట్యూడర్ల ఊసే లేదు. పిల్లల్ని లోపలి గదుల్లోకి మార్చారట. కిటికీ ఊచల వెనక రోజురోజుకీ అరుదుగా కనబడి, చివరికి కనబడటమే మానేశారట. చావు తప్పదని నమ్మిన పెద్దవాడు రోజూ పాపాలు ఒప్పుకుని ప్రార్థిస్తున్నాడని వైద్యుడు చెప్పాడట. చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది.

తల్లి సంగతి. ఆవిడ ఊరికే నమ్మి పంపలేదు. ఆ ఆడపిల్లల ప్రాణాలకి హాని చేయననీ, టవర్‌లోగానీ మరే చెరలోగానీ పెట్టననీ రిచర్డ్ పెద్దలందరి ముందు ప్రమాణం చేయాల్సొచ్చింది. టవర్ పేరు పెట్టి మరీ ఒట్టు వేయించుకున్న తల్లికి తెలియనిదేముంది? కొడుకుల ప్రస్తావన మాత్రం అందులో లేదు.

నాకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం రిచర్డ్ మౌనం. 1485లో సొంత అన్న కూతుర్ని పెళ్లాడబోతున్నాడని పుకారు పుడితే, క్లర్కెన్‌వెల్‌లో జనం ముందు నిలబడి అది అబద్ధమని చెప్పాడు. 1487లో ఓ కుర్రాణ్ణి, గద్దె మీద హక్కున్న రిచర్డ్ ఇంకో అన్న కొడుకు వార్విక్ ఎర్ల్ అంటూ తిరుగుబాటుదారులు ముందుకు తెస్తే, హెన్రీ అసలు వార్విక్‌ని టవర్‌లోంచి తెచ్చి లండన్ వీధుల్లో చూపించాడు. పిల్లలు బతికుంటే రిచర్డ్‌కి అంత పనే చాలు, ఒక్క ఆదివారం చర్చికి తీసుకెళితే వాళ్లని చంపారన్న పుకారు చచ్చేది.

చరిత్రప్రియ:
1674లో టవర్ మెట్ల కింద దొరికిన పిల్లల ఎముకలున్నాయి కదా, వాటితో తేలదా?

పాతదస్తావేజు:
వాటిని అప్పటి రాజు రెండో చార్లెస్, రాజుల సమాధులుండే వెస్ట్‌మిన్‌స్టర్ అబీ చర్చిలో పెట్టించాడు. 1933లో పరీక్ష చేసినా మగపిల్లలో ఆడపిల్లలో కూడా తేల్చలేదు. అబీ అనుమతి లేకుండా డీఎన్‌ఏ పరీక్ష జరగదు. వాటి మీద నా వాదన నిలబెట్టను.

గోదారొడ్డు:
ప్రమాణం మాట బలంగానే ఉంది. అయినా హెన్రీ మౌనాన్నీ లెక్కలోకి తీసుకోండి. రిచర్డ్‌ని ద్రోహిగా ప్రకటించిన 1485 చట్టంలో "పసివాళ్ల నెత్తురు" అన్నాడే గానీ పేర్లు పెట్టలేదు. తనే ఆ చిన్న రాకుమారుణ్ణని పెర్కిన్ వార్బెక్ ఏళ్ల తరబడి యూరప్‌లో తిరుగుతుంటే, పిల్లలు ఫలానా చోట చనిపోయారని చెప్పలేకపోయాడు.

పాతదస్తావేజు:
తెలియకే చెప్పలేదంటాను. తనే చంపించి ఉంటే ఒక కథ అల్లి, రెండు శవాలు చూపించి వార్బెక్ నోరు మొదటిరోజే మూయించేవాడు. 1483లో టవర్‌ని రిచర్డ్ అప్పగించింది తన నమ్మకస్తుడు రాబర్ట్ బ్రాకెన్‌బరీకి. అతను బాస్వర్త్‌లో రాజు తరఫున పోరాడి చనిపోయాడు. హెన్రీ అడుగుదామన్నా ఆ మనిషి లేడు.