అమ్మకు ప్రవేశ టికెట్టు, కూతురికి అన్ని రైడ్ల టికెట్టు: ఇది పొదుపా, పొరపాటా?

వెన్నెలగూడు

నేనూ మా అమ్మాయీ ఒక రోజు థీమ్ పార్కుకు వెళ్దామనుకున్నాం. ఇద్దరమే. దానికి పదేళ్లు, ఎత్తు 128 సెంటీమీటర్లు. అక్కడి రైడ్ల పేర్లన్నీ దానికి కంఠతా వచ్చు. ఏది ఎంత ఎత్తు నుంచి కిందికి జారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నా దగ్గరున్న డబ్బు మాత్రం పరిమితమే. దీని కోసం అప్పు చేసే ఉద్దేశం లేదు.

మేం వెళ్లే పార్కులో ప్రవేశానికి ఒక టికెట్టు, రైడ్లకు వేరే. రైడ్లకు ఒక్కోదానికి విడిగా కొనుక్కోవచ్చు, లేదా రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కేలా చేతికి పట్టీ కట్టించుకోవచ్చు. అమ్మాయికి పట్టీ, నాకు ప్రవేశం మాత్రం అనుకుంటున్నాను. అలా మిగిలిన డబ్బుతో పార్కు దగ్గర ఒక రాత్రికి గది వస్తుంది. లేకపోతే తెల్లవారుజామున బయలుదేరి అర్ధరాత్రికి ఇల్లు చేరాలి.

మా అక్క ఇది వినగానే "దానికి నువ్వెందుకు? బడి పిల్లలతో పంపించు" అంది. నేను రైడ్లు ఎక్కకపోతే అది తల్లీకూతుళ్ల ప్రయాణం కాకుండా పోతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కలపద్దు

ముందు ఒక సంగతి, ఈ చర్చ చదివే మిగతావారి కోసం. ఈ ప్రశ్న అన్ని పార్కుల్లోనూ రాదు. 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు అక్కడా ప్రవేశం వేరు, రైడ్లు వేరు. కొద్దికాలానికే ఎ, బి, సి అని అక్షరాలు వేసిన టికెట్ల పుస్తకాలు అమ్మారు, 1982లో వాటిని తీసేసి అన్నిటికీ కలిపి ఒకే ధర పెట్టారు. ఇప్పుడు పెద్ద పార్కులు ఎక్కువగా ఆ దారిలోనే ఉన్నాయి. అక్కడ అమ్మ బల్ల మీద కూర్చున్నా కట్టేది అంతే, కాబట్టి కూర్చుని మిగిల్చేది ఏమీ లేదు. అలాంటి చోట పొదుపు తేదీలో ఉంటుంది. డిస్నీ తన అమెరికా పార్కుల్లో 2016 నుంచి ఒకరోజు టికెట్టుకు రద్దీని బట్టి వేర్వేరు ధరలు పెట్టింది. అవే రైడ్లు, అదే గేటు, సెలవు రోజున ఒక ధర, బడులు నడిచే రోజున ఒక ధర.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. కోపెన్‌హేగెన్‌లో 1843లో మొదలైన టివోలిలో ఈనాటికీ ప్రవేశం, రైడ్లు వేరువేరు. వియన్నాలోని ప్రాటర్‌లో అయితే గేటు దగ్గర ఏమీ కట్టక్కర్లేదు, ఎక్కినదానికే డబ్బు.

మీది టివోలి తరహా పార్కు కాబట్టి ఒక లెక్క వేయండి. పట్టీ ధరకు విడి టికెట్లు ఎన్ని వస్తాయి? ఆరు వస్తాయనుకుంటే, మీరు రెండు రైడ్లు ఎక్కడానికి అయ్యేది పట్టీ ధరలో మూడో వంతు. మీరు పట్టీ, లేదా ఏమీ లేదు అని రెండే దారులు చూస్తున్నారు. మధ్యలో బోలెడంత జాగా ఉంది.

పాలపిట్ట

నేను కూతురి వైపు నుంచి మాట్లాడతాను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను సరిగ్గా ఇలాగే తీసుకెళ్లింది. రెండు సంచులు, నా స్వెటరు, నీళ్ల సీసా పట్టుకొని ప్రతి రైడు బయటికి వచ్చే దారిలో నిలబడేది. దిగగానే "ఎలా ఉంది?" అని అడిగేది. మొదట్లో ఎగిరి గంతేస్తూ చెప్పాను. వింటున్నప్పుడు ఆమె ముఖం చూశాక, తరువాతి వాటికి "ఏముంది, మామూలే" అనడం మొదలుపెట్టాను. అన్నిటికన్నా బాగున్నదాని గురించి కూడా అలాగే అన్నాను.

పదేళ్ల పిల్లకు డబ్బు సంగతులు తెలియవని పెద్దవాళ్లు అనుకుంటారు. ఎవరు ఏం మానుకున్నారో పిల్లలు ఇట్టే పసిగడతారు. గది మానేయండి. ఇద్దరూ ఎక్కండి. నిద్ర బస్సులో పోవచ్చు.

ఎండనీడ

పాలపిట్ట గారూ, మీరు చెప్పింది మనసుకు తగిలింది, కానీ మీ తీర్పుకు తల ఊపలేను. తల్లి ఎక్కితే ప్రేమ, ఎక్కకపోతే త్యాగం అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తిరిగేది ఏదీ పడదు. ఒకసారి తిరిగి దిగితే సాయంత్రం వరకూ కడుపులో దేవుతూనే ఉంటుంది. మా అమ్మాయి ఎక్కుతుంటే నేను నీడన కూర్చుంటాను, ఆ గంటసేపు నన్ను ఎవరూ ఏ పనికీ పిలవరు. నాకు అదే సెలవు. మా అమ్మాయి పరుగున వచ్చి చెబుతుంటే నా ముఖం వాడిపోదు, ఎందుకంటే నేను కోల్పోయింది ఏమీ లేదు. తేడా అంతా ఇష్టం లేక కూర్చున్నారా, ఇష్టం చంపుకొని కూర్చున్నారా అన్నదాంట్లో ఉంది. వెన్నెలగూడు గారు ఆ మాట ఇంకా చెప్పలేదు.

బస్సులో నిద్ర అంటారా, పిల్ల నిద్రపోతుంది సరే. అర్ధరాత్రి ఆ మత్తులో ఉన్న పిల్లనూ సామానునూ దించేది ఎవరు? గది వదులుకోవద్దు.

మీట నొక్కే చేయి

నేను ఒక పార్కులో రైడ్ల దగ్గర పనిచేశాను. అందరూ మనసుల గురించి మాట్లాడుతున్నారు, రైడు ముందున్న బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

చాలా పార్కుల్లో ఎత్తుకు రెండు గీతలు ఉంటాయి. ఒకటి అసలు ఎక్కడానికి, రెండోది తోడు లేకుండా ఎక్కడానికి. ఆ రెంటి మధ్యలో ఉన్న పిల్లలతో పాటు పెద్దవాళ్లు తప్పనిసరిగా ఎక్కాలి. 102, 112, 122 సెంటీమీటర్లు తరచూ కనిపించే గీతలు. పట్టాల మీద దూసుకెళ్లే పెద్ద కోస్టర్లలో కొన్నిటికి 132 గానీ 140 గానీ ఉంటుంది. కొన్నిచోట్ల వయసు చూస్తారు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఏడేళ్లు నిండితే ఒంటరిగా రైడు ఎక్కవచ్చు, కానీ పద్నాలుగేళ్లు నిండనివాళ్లు తోడు లేకుండా పార్కులోకే రాకూడదు. మీ పార్కు నియమాలు రైడు రైడుకూ విడిగా చదవండి. తోడు కావాలన్న రైడు దగ్గర మీకు టికెట్టు లేకపోతే, చేతికి పట్టీ ఉన్నా మీ అమ్మాయిని వెనక్కి పంపేస్తారు. ఎంత బతిమాలినా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇంకో మాట. తోడు అక్కర్లేని రైడుకైనా ముప్పావుగంట క్యూలో పదేళ్ల పిల్ల ఒక్కతే నిలబడాలి. కొన్ని పార్కుల్లో ఎక్కనివారిని కూడా క్యూలో చివరిదాకా రానిచ్చి, ఎక్కే చోట పక్క దారిన బయటికి పంపుతారు. టికెట్టును క్యూ మొదట్లోనే చూసే పార్కుల్లో అది కుదరదు. మీది ఏ రకమో ఫోను చేసి అడగండి.

తూనీగ

ఇంత చర్చ ఎందుకు? గది మానేసి ఆ డబ్బుతో అమ్మాయికి, క్యూ తగ్గించే ఎక్స్‌ప్రెస్ పాస్ కొనండి. క్యూ సగం అయిపోతుంది, రైడ్లు రెట్టింపు అవుతాయి. ఒక్క రోజే వెళ్తున్నప్పుడు అసలు కరువు కాలానిదే.

మీట నొక్కే చేయి

తూనీగ గారూ, ఆ పాస్ సమయాన్ని పుట్టించదు, పక్కవాళ్ల దగ్గర నుంచి తీసి ఇస్తుంది. ఒక బండిలో 24 సీట్లు, నిమిషానికి ఒక బండి అనుకోండి. గంటకు 1,440 మంది. అంతకన్నా ఒక్కరు కూడా ఎక్కువ ఎక్కరు. మీ ముందు 600 మంది ఉంటే 25 నిమిషాల్లో మీ వంతు వస్తుంది. అదే సీట్లలో నూటికి అరవై ఎక్స్‌ప్రెస్ వరసకు ఇచ్చారనుకోండి, మామూలు వరసకు మిగిలేవి గంటకు 576. ఆ 600 మంది కదలడానికి గంట దాటుతుంది.

తూనీగ

అంటే కొననివాళ్లు గంట నిలబడతారని మీరే చెబుతున్నారు. మరి కొనమనడంలో తప్పేముంది? ధర్మం సంగతి పార్కు యజమానులు చూసుకోవాలి, ఏడాదికి ఒకసారి వెళ్లే తల్లి కాదు.

లెక్కలపద్దు

మాటలో పదును ఉంది, ఒప్పుకుంటాను. డిస్నీ 1999లో ఇలా క్యూ తగ్గించే ఫాస్ట్‌పాస్ తెచ్చినప్పుడు అది అందరికీ ఉచితం. 2021లో అమెరికా పార్కుల్లో దాన్ని తీసేసి, డబ్బు కట్టేవారికే క్యూ తగ్గే పద్ధతి పెట్టారు. ఆ తరువాత బడ్జెట్ మీద వెళ్లేవారికి ఈ చిక్కు తప్పడం లేదు.

అయితే రద్దీ లేని రోజున ఆ పాస్ దండగ. క్యూ పదిహేను నిమిషాలే ఉన్నప్పుడు దాన్ని దాటడానికి డబ్బు పెట్టడం ఎందుకు? గేట్లు తెరవకముందే అక్కడ ఉండి, మొదటి గంటలో అందరూ ఎగబడే రెండు మూడు రైడ్లు ముగించండి. గది దగ్గర్లో ఉంటేనే అది సాధ్యం. గది డబ్బుతో పాస్ కొనమంటున్నారు, నన్నడిగితే ఆ గదే ఒక పాస్.

ఎండనీడ

లాకరు సంగతి కూడా పద్దులో రాయండి. చాలా కోస్టర్ల మీదికి సంచులు, ఫోన్లు రానివ్వరు. ఇద్దరూ ఎక్కితే లాకరు అద్దె కట్టాలి. ఒకరు కింద ఉంటే ఆ ఖర్చు లేదు.

పాలపిట్ట

అదిగో, మళ్లీ అమ్మే లాకరు అయింది.

ఎండనీడ

(నవ్వు ఆగలేదు. ఆ ఒక్క మాటకు జవాబు లేదు.)

గడపమీది పిల్లి

ఇంతమంది ఇంత రాశారు, అసలు మనిషిని ఎవరైనా అడిగారా? వెన్నెలగూడు గారూ, డబ్బు ఎంత ఉందో మీ అమ్మాయికి తెలుసా? మొత్తం ఎంతో కాగితం మీద రాసి ముందు పెట్టండి. గది, పట్టీ, తిండి, బస్సు, మీ టికెట్లు. తననే పంచమనండి.

పాలపిట్ట

దీనికి నేను ఒప్పుకోను. కాగితం చూసిన పిల్ల ఆ రోజంతా ప్రతి రైడుకూ ధర చూస్తుంది. దాహం వేసినా అడగదు. చిన్నప్పటి ఒక్క రోజైనా ఖర్చు గుర్తు రాకుండా గడవనివ్వండి.

గడపమీది పిల్లి

చెప్పకపోయినా పిల్లలు పసిగడతారని పైన రాసింది మీరే. ఎలాగూ తెలిసేదాన్ని ఊహించుకుని బాధపడటం కన్నా అంకెల్లో చూడటం మేలు కదా? దాచిన లోటు పిల్లలకు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

పాలపిట్ట

పంచమని అడగడం వేరు, ఏది ముందు కావాలో అడగడం వేరు. రెండోది చేయండి. నీళ్లకూ తిండికీ డబ్బు ముందే పక్కన పెట్టి, అది లెక్కలోకి రాదని చెప్పండి. అంతవరకైతే నాకు అభ్యంతరం లేదు.

వెన్నెలగూడు

అందరికీ ధన్యవాదాలు. కొన్ని సంగతులు తేలాయి, ఒకటి ఇంకా చిక్కుగానే ఉంది.

పార్కు వాళ్లకు ఫోను చేశాను. మీట నొక్కే చేయి గారు అన్నట్టే రెండు గీతలు ఉన్నాయి. అమ్మాయి ఎక్కాలనుకునేవాటిలో రెండిటికి 130 సెంటీమీటర్ల లోపు పిల్లలతో పెద్దవాళ్లు ఎక్కాలట. మాది 128. ఇల్లంతా వెతికి టేపు తెచ్చి గోడకు ఆనించి మళ్లీ కొలిచాం, రెండు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మిగతా రైడ్ల క్యూల్లో ఎక్కే చోటు వరకూ నన్ను రానిస్తామన్నారు, టికెట్టు చివర్లోనే చూస్తారట.

అమ్మాయిని కూడా అడిగాను, పాలపిట్ట గారు చెప్పిన పద్ధతిలో. మొత్తం అంకె చెప్పలేదు. గదా, ఎక్స్‌ప్రెస్ పాసా అంటే ఆలోచించకుండా గది అంది. "గదిలో పై మంచం ఉంటుందా?" అని అడిగింది. నేను ఏవి ఎక్కాలి అంటే, "రెండు చాలు, కానీ నువ్వు అరవాలి, నేను వినాలి" అంది. ఎండనీడ గారు అడిగినదానికి జవాబు: నాకు కోస్టర్లంటే భయం లేదు. నిజం చెప్పాలంటే ఎక్కాలనే ఉంది. తిరిగేవీ ఊగేవీ మాత్రం పడవు.

కాబట్టి నాకు ప్రవేశం, పైన రెండు విడి టికెట్లు. గది ఉంటుంది. తూనీగ గారూ, పాస్ లేదు, ఏమనుకోకండి.

చిక్కు ఏమిటంటే, తోడు కావాలన్న ఆ రెండింటిలో ఒకటి కోస్టర్, రెండోది పెద్ద పడవ ఊయల. అటూ ఇటూ ఊగే రకం.

ఎండనీడ

పడవ వద్దు. వచ్చే ఏటికి పిల్ల 130 దాటుతుంది, అప్పుడు ఒక్కతే ఎక్కుతుంది. ఇప్పుడు మీరు ఆ టికెట్టుతో కోస్టర్ రెండోసారి ఎక్కండి.

పాలపిట్ట

వచ్చే ఏడు మళ్లీ వెళ్తారని ఎవరు చెప్పారు? రెండు మూడు నిమిషాల ఊగుడు. ఎక్కండి.

మీట నొక్కే చేయి

నడుము, మెడ, గుండె ఇబ్బందులు ఏవైనా ఉంటే అసలు ఆలోచించకండి, ఆ సంగతి బోర్డు మీదే రాసి ఉంటుంది. అవేవీ లేకపోతే పడవ మధ్య వరసల్లో కూర్చోండి. చివరి వరసలు ఎక్కువ ఎత్తుకు లేస్తాయి, కడుపులో ఖాళీ అయినట్టు అనిపించేది అక్కడే. మధ్యలో ఊపు బాగా తక్కువ. కళ్లు మూసుకోకుండా దూరంగా కదలని దేన్నైనా చూస్తూ ఉండండి. భోజనం చేసిన వెంటనే వద్దు.

వెన్నెలగూడు

మధ్య వరస అని చెప్పి చూశాను. అమ్మాయి ఒప్పుకోలేదు. ఎక్కితే చివరి వరసేనట. తోడు పక్కనే కూర్చోవాలా, అదే పడవలో ఎక్కడ కూర్చున్నా సరిపోతుందా?

మీట నొక్కే చేయి

మా దగ్గర పక్క సీటే. వేరే చోట్ల ఎలా ఉంటుందో అక్కడే అడగాలి.

తూనీగ

ఏమీ అనుకోలేదు. క్యూలో గంట నిలబడి కాళ్లు లాగినప్పుడు మాత్రం నన్ను తలచుకోండి.

లెక్కలపద్దు

కోస్టర్ టికెట్టు ఉదయమే కొనండి. పడవది మాత్రం ముందుగా కొనకండి. విడి టికెట్లు చాలాచోట్ల లోపల కూడా అమ్ముతారు, వాడనిదానికి డబ్బు వెనక్కి రావడం అరుదు. పడవ దగ్గరికి వెళ్లి, అది రెండు సార్లు ఊగేదాకా కింద నిలబడి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.