నల్లమలలో వేసవి శిబిరం, కనిపించకుండా పోయిన అమ్మాయి: ఇది మన పిల్లల కథ అవుతుందా?

అచ్చంపేట మాస్టారు:

పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఒక మిస్టరీ నవల రాస్తున్నాను. మే నెల. మన్ననూరు దాటాక అడవి అంచున వేసవి శిబిరం. మూడో రాత్రి భోజనాలయ్యాక ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు కనిపించరు. చెప్పులు గుడారం బయటే ఉంటాయి, నీళ్ల సీసా మాత్రం ఉండదు. తోటి పిల్లలే ఆచూకీ తీస్తారు. చిత్తుప్రతి చదివిన మిత్రుడు "ఇది విదేశీ సరుకు. మన పిల్లలు వేసవిలో అమ్మమ్మ ఊరికి పోతారు గానీ గుడారాల్లో పడుకుంటారా? కథను హాస్టల్‌కు మార్చు" అన్నారు. మీరేమంటారు?

పాలమూరు వాసి:

మీ మిత్రుడి మాటే నాదీ. మే నెలలో మన జిల్లాల్లో ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. మీరు చెప్పిన చోటు పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టలేరు. అక్కడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఎవరండీ?

అంతకన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటుంది. ఆడపిల్ల కనిపించకుండా పోవడాన్ని ఉత్కంఠకు ముడిసరుకుగా వాడుకోవడం నాకు మింగుడుపడదు. పేపర్లో అలాంటి వార్త చదివిన రోజు ఇంట్లో అన్నం సహించదు. దాన్నే పిల్లలకు కాలక్షేపంగా ఇస్తారా? పైగా ఇలాంటి కథల్లో అనుమానం ముందుగా పడేది అడవిలో బతికే పేదవాడి మీదే. పోయిన నగ గురించో, పురాతన విగ్రహం గురించో రాసుకోండి.

దేవరకొండ పాఠకురాలు:

శిబిరం మనది కాదన్న మాటను నేను ఒప్పుకోను. 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతపు పిల్లలు ఇల్లు విడిచి, తోటివారితో ఒకే చూరు కింద పెరుగుతూనే ఉన్నారు. భువనగిరి కోట ఉన్న ఆ ఏకశిల మీదే గురుకులాల పిల్లలకు కొండలెక్కడం నేర్పారు. అక్కడ తాడు పట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ శిక్షణ శిబిరం కాక మరేమిటి? అమ్మమ్మ ఊరు అందరికీ ఉండదు. ఉన్నా, పాలమూరు నుంచి వలస పోయిన ఇళ్లలో వేసవికి తాళమే కనిపిస్తుంది. అలాంటి పిల్లకు శిబిరం ఎంత పెద్ద సంగతో మాస్టారు రాయగలిగితే ఆ నవల నేను కొని పంచిపెడతాను.

హాస్టల్‌కు మార్చవద్దు. హాస్టల్ అంటే గేటు, కాపలాదారు, హాజరు పుస్తకం. ఈ కథకు బలం ఆ రోడ్డే. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే ఉదయం 6కి గానీ తెరవరు. అటు దోమలపెంట వైపూ అంతే. పిల్లలందరినీ, అనుమానితులందరినీ ఒకేచోట కట్టిపడేయడానికి రచయితలు వంతెనలు కూలుస్తారు, తుఫానులు తెప్పిస్తారు. ఇక్కడ ఆ పని ప్రతి రాత్రీ ఒక గేటు చేసిపెడుతోంది. తొమ్మిది గంటల గడువు చేతిలో ఉండగా ఇంకేం కావాలి?

అయితే మే నెల నల్లమల పచ్చగా ఉందని రాస్తే మాత్రం మీ అచ్చంపేట పాఠకుడే పుస్తకం మూసేస్తాడు. అది ఆకురాల్చే అడవి. వేసవిలో చెట్ల సందుల్లోంచి చాలా దూరం కనిపిస్తుంది, పగలు దాక్కోవడం కష్టం. నేలంతా ఎండుటాకు. టేకు ఆకు మీద కాలు పడితే గుడారంలో పడుకున్నవారికి కూడా వినిపిస్తుంది. మరి ఆ రాత్రి ఎవరికీ చప్పుడు వినిపించలేదంటే? అమ్మాయి ఆకుల మీద నడవలేదన్నమాట. నిప్పు పాకకుండా అటవీ సిబ్బంది ఎండాకాలంలో ఆకు ఊడ్చి, నేల తేలేట్టు ఫైర్ లైన్లు తీస్తారు. ఆ ఊడ్చిన నేల మీద ఉత్త కాళ్లతో వెళ్లింది. చెప్పులు ఎందుకు మిగిలాయో కూడా తేలిపోతుంది. పరిశోధకుడికి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలని డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన నియమం ఇప్పటికీ చెల్లుతుంది. పిల్లల దగ్గర ఆ మాట మరీ తప్పకూడదు, వాళ్లు మోసాన్ని క్షమించరు.

ఆ అడవిలో బతికే చెంచుల విషయంలో పాలమూరు వాసి గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. వాళ్లను అనుమానితులుగా నిలబెట్టొద్దు, మంత్రాలు తెలిసిన ముసలివాడినీ తేవద్దు. చెంచు పిల్లలు చదివే ఆశ్రమ పాఠశాలలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. వాళ్లలో ఒకరిని శిబిరానికి పిలవండి. తప్పులు చేసే, గొడవపడే, నవ్వే మామూలు పదహారేళ్ల పిల్లలా ఉండనివ్వండి.

ఇక ఆడపిల్ల సంగతి. ఈ కథలో భయం పులి వల్ల రాకూడదు. రాత్రి 9:30కి సంగతి తెలుస్తుంది. నిర్వాహకుడు "తెల్లారనివ్వండి" అంటాడు. టీచరమ్మ "ఆడపిల్ల పరువు, బయట అనకండి" అంటుంది. వంటాయన చూసింది చెప్పడు, కూలి పోతుందని. పిల్లలు కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పిల్లల సహాయవాణి 1098కి రాత్రి కూడా ఫోను చేయవచ్చు. అయినా పెద్దవాళ్లలో ఎవరూ ఫోను తీయరు. తెల్లారేదాకా సాగే ఆ మౌనమే మన కథ. పేపర్లో వార్త చదివి అన్నం సహించని ఇంట్లోనే మర్నాడు ఆ విషయం ఎవరూ ఎత్తరు. పిల్లలు ఇది చదవాలనే నా పట్టుదల.

నల్లగొండ నుంచి:

చిన్న సూచన. శిబిరానికి వచ్చే దారిలో బస్సును పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఆపండి. గర్భగుడిలో పగలంతా కదలని నీడ ఉంటుంది కదా, అది ఏ స్తంభానిదని పిల్లలు పందెం వేసుకుంటారు. నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, పలు వైపుల నుంచి వచ్చే వెలుగు వల్ల ఏర్పడుతోంది. నేరం కూడా ఏ ఒక్కరిదీ కాదని వాళ్లకు చివర్లో తట్టవచ్చు.

పాలమూరు వాసి:

గురుకులాల మాట, గేటు మాట బాగున్నాయి. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. అమ్మాయి శవమై దొరికితే ఈ మంచి మాటలన్నీ వృథా. బతికి ఉంటే ఎందుకు వెళ్లింది? ఆ జవాబు సరిగా లేకపోతే అది మిస్టరీ కాదు, పాఠం చెప్పే పుస్తకం అవుతుంది.

దేవరకొండ పాఠకురాలు:

ఆమె బతకాలి. మే అంటే మనకు ముహూర్తాల నెల. తెల్లారితే మామ జీపు వేసుకుని వస్తున్నాడని, ఇంటికి తీసుకెళ్లేది నిశ్చితార్థానికని ఆ సాయంత్రం ఫోనులో వింటుంది. పద్దెనిమిది నిండని పిల్ల. గేటు మూశాక మామ రాలేడు, తెరిచేలోగా తాను దాటిపోవాలి. అందుకే రాత్రి, అందుకే నీళ్ల సీసా. ఇది పాఠం ఎలా అవుతుంది? ప్రతి ఆధారానికీ కారణం ఇందులోనే ఉంది. ఒక్కటే కోరిక: ఎందుకు వెళ్లిందో చివర్లో ఏ పోలీసు అధికారి చేతా చెప్పించకండి. ఆమెనే చెప్పనివ్వండి.

పాలమూరు వాసి:

ఫోనులో విన్న మాట పాఠకుడికి ముందే తెలియాలి మరి. మీరు చెప్పిన నియమమే.

అచ్చంపేట మాస్టారు:

శిబిరం ఉంచుతున్నాను, హాస్టల్ ఆలోచన మానేశాను. మొదటి రోజు పిల్లలు అటవీ సిబ్బందితో కలిసి ఫైర్ లైన్ మీద ఆకు ఊడ్చే సన్నివేశం పెడతాను. ఫోను సంభాషణలో ఒక పక్క మాటలే వినిపిస్తాయి: "జీపు ఎందుకు? రేపే ఎందుకు?" ఈ రెండూ మొదటి మూడు అధ్యాయాల్లోనే ఉంటే పాలమూరు వాసి గారు చదువుతారా?

పాలమూరు వాసి:

పంపండి. చదివాక మళ్లీ వాదిస్తాను.