పీడకలల అంథాలజీ తీస్తున్నాం, ఎవరూ భయపడటం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పీడకలలు, నిద్రలేమి మీద నాలుగు కథల హారర్ అంథాలజీ తీస్తున్నాం. ఐదుగురం స్నేహితులం, ఒకటే కెమెరా, రెండు గదుల ఇల్లు. మూడు కథల రఫ్ కట్ అయింది. చూసినవాళ్లంతా "ఇది కలే కదా, ఇప్పుడు ఉలిక్కిపడి లేస్తారు" అని ముందే చెప్పేస్తున్నారు. నిజానికి మూడూ అలాగే ముగుస్తాయి. మొదటి కథలో ఒకావిడకు తన ఇంట్లోనే దారి తప్పినట్టు కల వస్తుంది. రెండో దాంట్లో ఒక పిల్లవాడు పడుకున్న గంటకే కేకలు పెట్టి లేచి, కలంతా వాళ్లమ్మకు చెబుతాడు. మూడోది గుండెల మీద దెయ్యం కూర్చునే కథ, దెయ్యం మేకప్ అస్సలు కుదరలేదు. నాలుగోది నిద్రపట్టని మనిషిది, వచ్చే వారం షూటింగ్. సహజంగా ఉంటుందని ఆ నటుడు రెండు రాత్రులు మేలుకుంటానంటున్నాడు. ఇంకో సమస్య, చీకటి షాట్లు మా కంప్యూటర్‌లో బాగానే ఉన్నాయి, అప్‌లోడ్ చేశాక గోడలన్నీ చారలు, గళ్లు. కథలకు ఒకదానితో ఒకటి సంబంధమూ లేదు. బాగా టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.

జవాబు (ఎడిటింగ్ చేస్తుంటాను):
ముందు ఆ లేచి కూర్చునే షాట్లు మూడూ తీసేయండి. ఆ షాట్ రాగానే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు, అంతసేపూ మీరు పోగేసిన భయమంతా అక్కడే పోతుంది. కల మొదలైన చోట నీలం రంగు, పొగ, ప్రతిధ్వని లాంటివి వాడి ఉంటే అవీ తీసేయండి. కలను మామూలు వెలుతురులో, మామూలు లెన్స్‌తో తీయండి. ఒక్క వస్తువు మాత్రం మార్చండి. మొదటి కథలో తలుపు గడియ ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు ఉంటే చాలు. దానికి క్లోజప్ వేయకండి. గమనించినవాళ్లు గమనిస్తారు, గమనించనివాళ్లకు ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

రెండో కథలో చిన్న తప్పుంది, దాన్ని సరిచేస్తే కథే బాగుపడుతుంది. పడుకున్న గంటకే కేకలు పెట్టడం పీడకల లక్షణం కాదు. అది గాఢనిద్రలో వచ్చే నిద్రభీతి, సాధారణంగా రాత్రి మొదటి మూడో వంతులో వస్తుంది. కళ్లు తెరిచే ఉన్నా పిల్లలు ఎవరినీ గుర్తుపట్టరు, తెల్లారాక చాలామందికి ఏమీ గుర్తుండదు. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజాము వైపు, రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశలో వస్తాయి, అవి గుర్తుంటాయి. అందుకని పిల్లవాడితో కల చెప్పించకండి. కేకల మధ్య వాడు ఏదో ఒక మాట అంటాడు, అది తల్లి మాత్రమే వింటుంది. పొద్దున వాడు హాయిగా ఆడుకుంటుంటాడు, ఆవిడ మాత్రం ఆ మాట మరచిపోలేదు. నాకైతే ఇది రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

మూడో కథకు దెయ్యం అక్కర్లేదు. రెమ్ నిద్రలో కండరాలు సడలి ఉంటాయి. ఒక్కోసారి శరీరం కంటే ముందు మనసు మేలుకుంటుంది. కళ్లు కదులుతాయి, చేయి కదలదు, గదిలో ఎవరో ఉన్నట్టు, గుండె మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. హెన్రీ ఫ్యూజెలీ 1781లో వేసిన 'నైట్‌మేర్' చిత్రంలో నిద్రపోతున్న స్త్రీ మీద కూర్చున్న ఆకారం చూడండి, చాలామందికి ఈ అనుభవమే గుర్తొస్తుంది. కెమెరాను దిండు పక్కన పెట్టి కదపకండి. నటి కళ్లు మాత్రమే కదలాలి. ఆవిడ చూస్తున్న వైపు మనకు చూపించకండి.

ఇక కథలను కలపడం. 1945 నాటి బ్రిటిష్ సినిమా 'డెడ్ ఆఫ్ నైట్'ను నలుగురు దర్శకులు తీశారు. ఒక ఆర్కిటెక్ట్ ఒక ఇంటికి వస్తాడు, అక్కడివాళ్లంతా తన కలలో చూసినవాళ్లే. వాళ్లు చెప్పే అనుభవాలే విడివిడి కథలు. మీకు అలాంటి దారం ఇప్పటికే ఉంది, నాలుగో కథలోని నిద్రపట్టని మనిషి. బాగా నిద్ర కరువైనవాళ్లకు తెలియకుండానే కొన్ని సెకన్ల కునుకు పడుతుంది, కళ్లు తెరిచి ఉండగానే పడొచ్చు. అతను గడియారం చూస్తాడు, 2:40. మొదటి కథ పావుగంట నడుస్తుంది. మళ్లీ చూస్తాడు, ఇంకా 2:40.

జవాబు (కెమెరా, లైటింగ్):
చారల సంగతి. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. చీకటి గోడ అందులో కొద్ది మెట్లలోనే సర్దుకోవాలి, అప్‌లోడ్‌లో కుదింపు ఆ కొంచెమూ తినేస్తుంది. అందుకే చీకటిని చీకట్లో తీయకండి. తగినంత లైటు పెట్టి తీసి, గ్రేడింగ్‌లో, అంటే తర్వాత రంగులు, వెలుతురు సరిచేసేటప్పుడు తగ్గించండి. ఫ్రేమ్‌లో ఎక్కడో ఒక చిన్న దీపం ఉంటే మిగతాదంతా ఇంకా చీకటిగా అనిపిస్తుంది. నటుల వెనకాల నున్నటి గోడ బదులు తెర ఉండేలా చూడండి. ఎక్స్‌పోర్ట్‌కు ముందు బొమ్మ మీద సన్నటి గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) వేసి, బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) పెంచండి.

సౌండ్‌కు ప్రతి గదిలోనూ ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. అప్పుడు ఫ్రిజ్ ఆపాలి, బండి తాళాలు అందులోనే పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు.

జవాబు (రాత్రి షూటింగ్‌లలో పనిచేశాను):
దయచేసి ఆ నటుణ్ని మేలుకోనివ్వకండి. 17 గంటలు నిద్ర లేకపోతేనే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటిలా తగ్గుతుంది, 24 గంటలకు 0.10 శాతంతో సమానం. సెట్‌లో వైర్లు, నిచ్చెనలు ఉంటాయి, షూటింగ్ అయ్యాక అతను బండి నడుపుకుంటూ వెళ్లాలి. మేలుకునే రికార్డులను గిన్నిస్ వాళ్లే ప్రమాదమని తీసుకోవడం మానేశారు. నటనకూ లాభం లేదు, డైలాగులు మరచిపోతాడు, టేకులు పెరుగుతాయి.

అలసటను నటించవచ్చు. జవాబు అర సెకను ఆలస్యంగా చెప్పమనండి. రెప్ప నెమ్మదిగా మూసి, కష్టంగా తెరవాలి. గ్లాసు పట్టుకుని ఎందుకు పట్టుకున్నాడో మరచిపోవాలి. కిటికీలకు బయటి నుంచి నల్లగుడ్డ కట్టేస్తే లోపలి రాత్రి సీన్లన్నీ పగలే తీయొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. మూడు షాట్లూ తీసేశాం. పిల్లవాడి కథ తల్లి వైపు నుంచి మళ్లీ రాశాం, ఆ ఒక్క సీన్ రేపు తీస్తున్నాం. నటుడికి విషయం చెప్పాను, ఒప్పుకున్నాడు. ఒక్క సందేహం, పిల్లవాడు అన్న మాట ప్రేక్షకుడికి వినిపించాలా?

జవాబు (ఎడిటింగ్):
రికార్డు మాత్రం చేయండి. మొదటి కట్‌లో వినిపించకుండా, తల్లి ముఖం మీదే షాట్ ఉంచి చూపించండి. ఇంతకుముందు చూడని ఇద్దరు ముగ్గురికి చూపించి, వాడు ఏమని ఉంటాడని అడగండి. వాళ్లు ఊహించిన మాట మీరు రాసినదాని కంటే భయంగా ఉంటే, వినిపించకండి.