ఆసుపత్రి కేసులు పెరిగితే ఆ ప్రాంతంలో జబ్బులు పెరిగినట్టేనా?

లెక్కలమాస్టారు:
పదేళ్ల ఆసుపత్రి లెక్కలు పక్కపక్కన పెట్టి "ఈ ప్రాంతం ఆరోగ్యం దిగజారింది" అని తేల్చేస్తుంటే ఒళ్లు మండుతుంది. చేరినవాళ్ల లెక్క వేరు, జబ్బు పడ్డవాళ్ల లెక్క వేరు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రాన్ని 13 ఆసుపత్రి ప్రాంతాలుగా విడగొట్టి వెన్‌బర్గ్, గిట్టెల్‌సాన్ అనే పరిశోధకులు 1973లో ఒక పేపర్ రాశారు. టాన్సిల్స్ ఆపరేషన్లు ఒకచోట 10,000 మందికి 13 అయితే, ఇంకోచోట 151! ఒకే రాష్ట్రంలో పిల్లల గొంతులు అంత తేడాగా ఉంటాయా? తేడా అంతా డాక్టర్ల అలవాటులో ఉంది.

మందులచీటి:
మాస్టారూ, అంతా డాక్టర్ల నెత్తిన రుద్దితే ఎలా? టాన్సిల్స్ తీయాలా వద్దా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. తుంటి ఎముక విరిగినవాళ్లు మాత్రం "చూద్దాంలే" అని ఇంట్లో కూర్చోరు కదా. ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోట అలాంటి కేసులు పెరిగితే నిజంగా పెరిగినట్టే.

లెక్కలమాస్టారు:
తుంటి సంగతి ఒప్పుకుంటా. కానీ వెతికితేనే దొరికే జబ్బుల మాటేమిటి? దక్షిణ కొరియాలో 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లకూ ముందే పరీక్షలు) పెట్టారు. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు, అయినా ఇంకొంచెం డబ్బు కడితే గొంతుకూ అల్ట్రాసౌండ్ తీసేవారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో పోయేవాళ్ల సంఖ్య మాత్రం దాదాపు అక్కడే ఉంది. అనవసరంగా ఎంతమంది గొంతు కోయించుకున్నారో!

పాతపోస్టు:
వయసు సర్దుబాటు, అంటే జనాభాలో వయసుల తేడాను తీసేసి లెక్కకట్టడం, చేశారా లేదా అని ముందు అడగండి. కుర్రవాళ్లు వలసపోయి ముసలివాళ్లు మిగిలినచోట, ఏ వయసువాళ్లలోనూ జబ్బు పెరగకపోయినా మొత్తం రేటు పెరుగుతుంది.

నైట్‌డ్యూటీ:
నర్సుగా ఒక మాట. ఇక్కడ అందరూ పెరుగుదల గురించే మాట్లాడుతున్నారు, నాకు తక్కువ కేసులంటేనే టెన్షన్. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పెద్దావిడను అడిగితే "వయసు కదమ్మా" అంటుంది. కఫ్ చుట్టి చూస్తే బీపీ 190. అంతకుముందు రోజు వరకూ ఆవిడ ఏ రికార్డులోనూ రోగి కాదు. కొత్త ఆరోగ్య కేంద్రం తెరవగానే కేసులు ఎగబాకేది ఇందుకే. అమర్త్య సేన్ 2002లో రాసిందీ ఇదే: ఆయుర్దాయం ఎక్కువున్న కేరళలోనే "నాకు జబ్బుంది" అని చెప్పేవాళ్లు ఎక్కువ, బీహార్‌లో బాగా తక్కువ. కేసుల లెక్క ఒక్కటే చూస్తే బీహారే ఆరోగ్యంగా ఉందనాలి!

లెక్కలమాస్టారు:
నేను చెప్పేదీ అదేనమ్మా. కేసులను మరణాల పక్కన పెట్టి చూడాలి. కేసులు పెరిగి, అదే వయసులో మరణాలు తగ్గుతుంటే అక్కడ వైద్యం అందుతున్నట్టు. రెండూ పెరిగితే భయపడాలి.

మందులచీటి:
ఆ మరణాల లెక్కనైనా నమ్మేదెలా? ఇంట్లో పోయినవాళ్లకు కారణం ఎవరు రాస్తున్నారు? "గుండె ఆగింది" అని రాసిన సర్టిఫికెట్లు నేను బోలెడు చూశాను. ఆగకుండా పోయినవాళ్లెవరండీ?