పీఎస్1 క్యారెక్టర్ మోడల్ తీస్తే చేతులూ కాళ్లూ ఒకేచోట కుప్పపడి వస్తున్నాయి, ఎందుకు?

పాలిగాన్‌పక్షి:
అందరికీ నమస్తే. చిన్నప్పుడు పిచ్చిగా ఆడిన ఒక పీఎస్1 (సోనీ మొదటి ప్లేస్టేషన్) గేమ్‌లోని హీరో మోడల్‌ని బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవాలని మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను. అన్ని తక్కువ పాలిగాన్లతో (మోడల్‌ని కట్టే చదును ముక్కలు) ముఖంలో అంత కళ ఎలా తెప్పించారో దగ్గర నుంచి చూడాలని కోరిక, అంతే. డిస్క్ నాదే, ఇమేజ్ కూడా నేనే తీసుకున్నాను. ముందు ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో పీఎస్1ని అనుకరించే ప్రోగ్రామ్) ఆట నడుస్తుండగా ఒక ఫ్రేమ్ క్యాప్చర్ చేశాను. ఎదురుగా చూస్తే అచ్చం హీరోనే, కాస్త పక్కకి తిప్పగానే అట్టముక్క, మందమే లేదు. సరే అని డిస్క్‌లో ఫైళ్లు వెతికితే ఒక టీఎండీ ఫైల్ (పీఎస్1 3డి మోడల్ ఫార్మాట్) దొరికింది, అది తెరిస్తే తల, మొండెం, చేతులు అన్నీ ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉన్నాయి, పైగా తలకిందులుగా. టెక్స్చర్ (మోడల్ మీద అంటించే బొమ్మ) పెడితే ముఖం మీద బూటు అడుగు వస్తోంది. ఫైల్ పాడైందా, లేక నేను వాడే టూల్‌దే తప్పా? తర్వాత ఎన్64 (నింటెండో 64), పీఎస్2, గేమ్‌క్యూబ్ కన్సోల్స్ కూడా చూడాలని ఉంది, ప్రతిదానికీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?

మెష్‌మేస్త్రి:
ఫైల్ పాడవ్వలేదు, టెన్షన్ పడకండి. మీకు వచ్చిన రెండు ఫలితాలూ సరైనవే.

పీఎస్1లో గ్రాఫిక్స్ చిప్‌కి 3డి అంటే ఏంటో తెలియదు. ప్రాసెసర్ పక్కనే జీటీఈ అని ఒక లెక్కల యూనిట్ ఉంటుంది, తిప్పడం, దూరాన్ని బట్టి చిన్నది చేయడం అన్నీ అదే చేసేసి, స్క్రీన్ మీద ఏ పిక్సెల్ దగ్గర ఏ మూల ఉండాలో మాత్రమే గ్రాఫిక్స్ చిప్‌కి పంపిస్తుంది. లోతు అనే అంకె అక్కడికి చేరనే చేరదు. అందుకే చిప్ దగ్గర కాపు కాసి పట్టుకుంటే అట్టముక్కే దొరుకుతుంది. అసలు మోడల్ కావాలంటే ఫైల్‌లోంచో, మెమరీలోంచో తీయాల్సిందే.

ఇక కుప్ప సంగతి. ఆ కాలంలో చాలా గేముల్లో క్యారెక్టర్ ఒకే చర్మం ఉన్న బొమ్మ కాదు, తోలుబొమ్మలాగా విడివిడి ముక్కలు. మోచేయి పైభాగం ఒక ఆబ్జెక్ట్, కింది భాగం ఇంకోటి, ప్రతి ముక్కకీ దాని సొంత సున్నా బిందువు ఉంటుంది. ఏ ముక్క ఎక్కడ తగిలించాలో యానిమేషన్ డేటాలో ఉంటుంది, టీఎండీలో కాదు. అది చదవకుండా తెరిస్తే అన్ని ముక్కలూ సున్నా దగ్గరే వచ్చి పడతాయి. తలకిందులు ఎందుకంటే పీఎస్1లో వై కిందికి పెరుగుతుంది, బ్లెండర్‌లో పైదిక్కు జెడ్, కాబట్టి ఎక్స్ చుట్టూ తిప్పేస్తే సరి.

ఆ గేమ్ సొంత యానిమేషన్ ఫార్మాట్‌ని విప్పడం నెలల పని. నేనైతే మీ దగ్గరున్న అట్టముక్కనే వాడతాను. హీరో కదలకుండా నిలబడినప్పుడు ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి క్యాప్చర్ చేసి బ్లెండర్‌లో వెనక పెట్టుకుని, ముక్కల్ని వాటి మీద సరిపెట్టండి. సాధారణంగా కీలు ఉండాల్సిన చోటే ముక్క సున్నా బిందువు ఉంటుంది కాబట్టి తర్వాత బోన్స్ (మోడల్‌ని కదిలించే ఎముకలు) పెట్టడం కూడా తేలికే.

హెక్స్‌రాత్రులు:
బూటు అడుగు గురించి నేను చెప్తాను, ఇదే విషయం మీద రెండు రాత్రులు జాగారం చేశాను.

టెక్స్చర్ ఫైళ్లు టిమ్ (పీఎస్1 బొమ్మల ఫార్మాట్) అయి ఉండాలి, హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని నేరుగా చూపేది) తెరిస్తే 10 00 00 00 అని మొదలవుతాయి (టీఎండీ అయితే 41 00 00 00). ఒక్కో టిమ్‌ని ఒక్కో బొమ్మగా మార్చి మోడల్‌కి అంటించడం దగ్గరే మనం తప్పు చేస్తాం. పీఎస్1 వీడియో మెమరీ 1 ఎంబీ, దాన్ని 1024 వెడల్పు, 512 ఎత్తు ఉన్న ఒకే పెద్ద గోడలా ఊహించుకోండి. టిమ్ హెడర్‌లోనే (ఫైల్ మొదటి భాగం) ఆ గోడ మీద తనని ఎక్కడ అతికించాలో ఎక్స్, వై రాసి ఉంటాయి. మోడల్‌లోని యూవీ అంకెలు (టెక్స్చర్‌లో ఏ చోటు ఏ మూలకి రావాలో చెప్పేవి) ఫైల్‌ని బట్టి కాదు, ఆ గోడ మీద ఒక పేజీని బట్టి లెక్కేస్తారు, ఏ పేజీ, ఏ ప్యాలెట్ (రంగుల పట్టిక) అనేది ప్రతి పాలిగాన్ పక్కనే ఉంటుంది. కాబట్టి ఆ లెవెల్‌కి సంబంధించిన టిమ్‌లన్నీ వాటి చోట్లలో గోడ మీద పెట్టి, ఆ తర్వాత యూవీ చూడండి. ఇంకోటి, 4 బిట్ టెక్స్చర్ అయితే గోడ మీద ఒక్కో గడిలో నాలుగు పిక్సెల్స్ ఇరుక్కుని ఉంటాయి, అంటే 256 పిక్సెల్స్ పేజీ గోడ మీద 64 గడులే ఆక్రమిస్తుంది. నాకు ముఖం చారలు చారలుగా వచ్చింది ఇది పట్టించుకోకే. చివరగా యూవీలోని వీ విలువని నిలువునా తిరగేయండి, పీఎస్1లో పైనుంచి లెక్క, బ్లెండర్‌లో కింద నుంచి.

పాతడిస్క్:
మిగతా కన్సోల్స్ గురించి అడిగారు కదా. మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు, ఒక్క ప్రశ్న వేసుకోండి: మోడల్‌ని తిప్పే లెక్క ఎవరు, ఎక్కడ చేస్తున్నారు? దానికి ముందు పట్టుకుంటే మోడల్, తర్వాత పట్టుకుంటే అట్టముక్క.

ఎన్64లో ఆ లెక్క ఆర్‌ఎస్‌పీ అనే యూనిట్ చేస్తుంది, దానికి వెళ్లే డిస్‌ప్లే లిస్టులు (ఏం గీయాలో చెప్పే ఆదేశాలు), వర్టెక్స్‌లు (పాలిగాన్ మూలల బిందువులు) మామూలు మెమరీలోనే ఉంటాయి. ఒక్కో వర్టెక్స్ సరిగ్గా 16 బైట్లు, అందుకే కాస్త అలవాటైతే హెక్స్‌లో కంటికే కనిపిస్తాయి. కాకపోతే బైట్లు పెద్దది ముందు అనే వరసలో ఉంటాయి, రోమ్ ఫైల్‌లో (క్యాట్రిడ్జ్ ఇమేజ్) డేటా తరచుగా కుదించి ఉంటుంది (మారియో 64లో మియో0, జెల్డా ఆకరీనాలో యాజ్0 అనే కుదింపు పద్ధతులు), ముందు అది విప్పాలి. ఈ రెండు గేములకీ డీకంపైల్ చేసిన (గేమ్ నుంచి వెనక్కి రాబట్టిన) కోడ్ ఉంది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మారియో కూడా మీ హీరోలాగే ముక్కల బొమ్మే, చూస్తే మీకే అర్థమవుతుంది.

గేమ్‌క్యూబ్ నాకు అన్నిటికంటే ఇష్టం. తిప్పడం గ్రాఫిక్స్ చిప్పే చేస్తుంది, పైగా నింటెండో సొంత గేములు చాలావాటిలో బీఎండీ, బీడీఎల్ అనే ఫార్మాట్‌లో ఎముకలు, మెటీరియల్స్ అన్నీ ఒకే ఫైల్‌లో పొందిగ్గా ఉంటాయి. పీఎస్2 మాత్రం ఓపికకి పరీక్ష. లెక్క చేసే వీయూ1 అనే యూనిట్‌కి డేటా మెమరీ 16 కేబీయే, అందుకని మోడల్‌ని చిన్న చిన్న తునకలుగా కోసి పంపిస్తారు, అతుకుల దగ్గర వర్టెక్స్‌లు రెండేసిసార్లు వస్తాయి. బ్లెండర్‌లో మెర్జ్ బై డిస్టెన్స్ (ఒకేచోట ఉన్న వర్టెక్స్‌లని కలిపేది) కొట్టండి, కానీ యూవీ అతుకులు, నార్మల్స్ (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పేవి) ఒకసారి సరిచూసుకున్నాకే. పీసీ గేములకి రెండర్‌డాక్ అనే ఫ్రేమ్ క్యాప్చర్ టూల్‌లో వర్టెక్స్ షేడర్‌లోకి (తిప్పే లెక్క చేసే ప్రోగ్రామ్) వెళ్లేది తీసుకోండి, బయటికి వచ్చేది కాదు.

పాలిగాన్‌పక్షి:
చాలా చాలా థ్యాంక్స్. గోడ పద్ధతి పనిచేసింది, టిమ్‌లన్నీ వాటి చోట్లలో పెట్టగానే ముఖం వచ్చేసింది. కళ్లు అసలు మోడల్‌లో లేవు, రెండు త్రిభుజాల మీద చిన్న టెక్స్చర్, కనుబొమ్మ నీడ కూడా అందులోనే గీశారు. ముక్కు ఒక్కటే నిజంగా ముందుకు లాగిన వర్టెక్స్. ఎడమ చేయి తగిలించడం పూర్తయింది, కుడి చేయి రేపు. ఒక సందేహం, మోచేయి దగ్గర రెండు ముక్కల మధ్య సందు కనిపిస్తోంది, వర్టెక్స్‌లు కలిపేయాలా?

మెష్‌మేస్త్రి:
కలపకండి. ముక్కలు కొద్దిగా ఒకదాంట్లో ఒకటి దిగేలా ఉండాలి. కింది ముక్కని రెండు మూడు యూనిట్లు పైకి జరిపి చూడండి, సందు పోతుంది.