డేనిష్ వాక్యంలో క్రియ ఎక్కడ పెట్టాలో అర్థం కావట్లేదు, ఎవరైనా చెప్తారా?

హన్మకొండ అమ్మాయి:
అందరికీ నమస్తే. మా ఆయనకు డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో ఉద్యోగం, వీసా రాగానే నేనూ వెళ్తున్నాను, అందుకని హన్మకొండలో ఇంట్లోనే ఫోన్ యాప్ పెట్టుకొని డేనిష్ మొదలుపెట్టాను. పదాలు బాగానే గుర్తుంటున్నాయి, వాక్యం దగ్గరే మస్తు కన్ఫ్యూజన్. "యై బోర్ ఇ ఆర్హస్" అంటే నేను ఆర్హస్‌లో ఉంటాను, సరే. దీనికి ముందు "నూ", అంటే ఇప్పుడు అని పెడితే, యాప్ "నూ బోర్ యై ఇ ఆర్హస్" అంటోంది. "యై" ఎందుకు వెనక్కి పోయింది? ఇంకోటి, కాదు, లేదు అనడానికి వాడే "ఇగ" ఒకచోట క్రియ తర్వాత, ఇంకోచోట క్రియ ముందు వస్తోంది. యాప్ ఎర్రగా చూపించి ఊరుకుంటుంది, కారణం చెప్పదు. వ్యాకరణం పుస్తకంలా కాకుండా మనకు సమజయ్యేట్టు చెప్పండి ప్లీజ్.

కాజీపేట పిలగాడు:
అక్కా, నేను కోపెన్‌హాగన్‌లో ఉంటాను, డ్యూటీ అయ్యాక సాయంత్రం క్లాసులకు వెళ్తాను. ముందు ఒక్కటి గట్టిగా పట్టుకోండి. మామూలు వాక్యంలో క్రియది ఎప్పుడూ రెండో స్థానం. మొదటి స్థానంలో కర్త ఉండొచ్చు, కాలం ఉండొచ్చు, చోటు ఉండొచ్చు, కానీ రెండోది రైల్లో రిజర్వేషన్ సీటు లాంటిది, అక్కడ క్రియే కూర్చోవాలి. మీ వాక్యంలో "నూ" ముందుకొచ్చింది కాబట్టి "యై" క్రియ అవతలికి జరిగింది, అంతే.

రెండో స్థానం అంటే రెండో పదం అనుకోకండి. "ఇ మోర్న్", అంటే రేపు, రెండు పదాలే కానీ ఒకే ముక్క. ఇంకా పెద్దది చూడండి: "నోర్ యై కొమ్మర్ యెమ్, లేవర్ యై మద్". ఇంటికి వచ్చాక వంట చేస్తాను అని అర్థం. కామాకు ముందున్నదంతా కలిపి ఒక్క ముక్క కింద లెక్క, అందుకే కామా దాటగానే "లేవర్" అనే క్రియ తగులుతుంది. క్లాసులో చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి ఇలాంటివే ఎక్కువ రాయండి. "ఓ", "మెన్" అని వస్తాయి చూడండి, మరియు, కానీ అనే అర్థంలో, అవి లెక్కలోకి రావు, వాటి తర్వాత నుంచి లెక్కపెట్టాలి. ఇక అవునా కాదా అని అడిగే ప్రశ్నలో క్రియ అన్నిటికంటే ముందే వస్తుంది: "బోర్ దూ ఇ ఆర్హస్?"

మానేరు గట్టు:
నేను కరీంనగర్‌లో ఇంగ్లిష్ చెప్తానమ్మా, మా అబ్బాయి ఒడెన్సెలో చదివేటప్పుడు కొంత డేనిష్ నేర్చుకున్నాను. నేను చూసినంతవరకు మనవాళ్లను ఇబ్బంది పెట్టేది తెలుగు కాదు, ఇంగ్లిష్. రేపు అనే మాట ముందు పెట్టినా ఇంగ్లిష్‌లో కర్త క్రియకు ముందే ఉంటుంది, ఆ అలవాటుతో "ఇ మోర్న్ యై" అని వచ్చేస్తుంది. మనసులో ఇంగ్లిష్ వాక్యం కట్టి దాంట్లో పదాలు మార్చే పద్ధతి ఇప్పుడే మానేయండి.

మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. మనకు ఉంటాను, ఉంటావు, ఉంటాడు, ఉంటారు అని ఎన్ని రూపాలు! వాళ్లకు "యై బోర్, దూ బోర్, వీ బోర్", ఎవరికైనా అదే క్రియ. అందువల్ల కర్తను వదిలేయడానికి మాత్రం వీల్లేదు. మనం "రేపొస్తా" అంటే సరిపోతుంది, అక్కడ "యై" చెప్పి తీరాలి.

హన్మకొండ అమ్మాయి:
సార్, అన్నా, చాలా థాంక్స్. ముక్కలుగా లెక్కపెట్టాలని యాప్‌లో ఎక్కడా లేదు. మరి "ఇగ" సంగతి?

కాజీపేట పిలగాడు:
మామూలు వాక్యంలో క్రియ తర్వాతే: "యై బోర్ ఇగ ఇ ఆర్హస్". కర్త క్రియ అవతలికి పోతే "ఇగ" ఆ కర్త తర్వాత వస్తుంది: "ఇ దే ఆర్బైదర్ యై ఇగ", ఈరోజు నేను పని చేయను. రెండు క్రియలుంటే కాలం తెలిపేది రెండో స్థానంలో, మిగతాది "ఇగ" తర్వాత: "యై కాన్ ఇగ తేల దాన్స్క్", నాకు డేనిష్ మాట్లాడటం రాదు.

"ఫోర్ది" అంటే ఎందుకంటే, "వెస్" అంటే ఒకవేళ. ఇలాంటి వాటితో మొదలయ్యే ఉపవాక్యంలో రెండో స్థానం రూలు ఉండదు. కర్త, తర్వాత "ఇగ", తర్వాత క్రియ: "ఫోర్ది యై ఇగ బోర్ ఇ ఆర్హస్". మాటల్లో మాత్రం "ఫోర్ది" తర్వాత మామూలు వరసలోనే మాట్లాడే డేన్స్ చాలామంది ఉన్నారు, విని కంగారు పడకండి, రాతలో రూలు ప్రకారమే రాయండి.

క్లాసులో దీనికి బోర్డు మీద గడులు గీస్తారు. పాల్ డిడెరిక్సెన్ అనే భాషావేత్త 1940లలో తయారుచేసిన పట్టిక అది. మీరూ నోట్‌బుక్‌లో గీసుకోండి: మొదటి ముక్క, క్రియ, కర్త, ఇగ, రెండో క్రియ, మిగతావి. ఏ వాక్యం కనిపించినా గడుల్లో వేయండి. ఇంకోమాట, నేను తెలుగులో రాసిన ఉచ్చారణ ఉజ్జాయింపే, డేనిష్ ఆన్‌లైన్ నిఘంటువులో ఆడియో తప్పకుండా వినండి.

హన్మకొండ అమ్మాయి:
గడులు గీసి రాశాను, చూడండి: "ఇ మోర్న్ స్కల్ యై ఇగ ఆర్బైద". రేపు నేను పని చేయాల్సిన అవసరం లేదు. సరిగ్గానే ఉందా?

కాజీపేట పిలగాడు:
పర్ఫెక్ట్ అక్కా. ఇప్పుడు ఇదే వాక్యాన్ని "ఫోర్ది"తో మొదలుపెట్టి రాయండి, "ఇ మోర్న్"ను చివరికి పంపండి. "స్కల్" ముందు "ఇగ" వస్తే దారిలో పడ్డట్టే.